తొమ్మిది కిలోమీటర్ల రోజు

మా క్లబ్బులో తెలుగు చదవగలిగినవాళ్ళు ఇద్దరమే. ఒకణ్ణి నేను, మొన్ననే రిటైరయ్యాను. రెండో మనిషి అశ్విని, నా పని ఇప్పుడు చూస్తున్న అమ్మాయి. వాళ్ళ అమ్మమ్మది మంచిర్యాల కాబట్టి తెలుగు గడగడా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. "సార్, మీరు తెలిసిందంతా రాసిపెట్టుండ్రి, నేను చదివి క్లబ్బు పనికి కొత్తగా వచ్చిన పోరగాళ్ళకు మరాఠీల చెప్త" అన్నది. ఆమె చదివే వేగమూ, ఎదురుగాలిలో కొత్తవాళ్ళ కయాక్ వేగమూ ఒకటే. అందుకని నాకు తెలిసిందంతా రాయడం లేదు. ఒక్క సంగతే రాస్తున్నాను.

నా పేరు రాజేశం. మా నాయన కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుబాయి పనికి మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ వచ్చాడు. నేను ఇక్కడి క్వార్టర్లలోనే పుట్టాను. గని సర్వే ఆఫీసులో చైన్‌మన్‌గా ఇరవై ఏళ్ళు చేశాను. చైన్‌మన్ అంటే కొలిచే గొలుసుకు ఒక కొస పట్టుకుని, సర్వేయర్ సాబ్ సరే అనేదాకా కదలకుండా నిలబడేవాడు. ఆ తర్వాత ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, కయాక్ క్లబ్బులో చేరి పద్నాలుగేళ్ళు పని చేశాను. కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చుని రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ.

ఉద్యోగం అంటే ఏమిటి

పెళ్ళిళ్ళలో నన్ను చూసినవాళ్ళు మొదట అడిగేది, ఎంతమందిని కాపాడావు అని. నీళ్ళలో మునుగుతున్నవాళ్ళను నేను రెండుసార్లు బయటికి తీశాను. ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలోనే మునిగారు. లేచి నిలబడమని చెబితే సరిపోయింది.

అసలు ఉద్యోగం అది కాదు. ఎన్నడూ తెడ్డు పట్టని పదిమంది వస్తారు. వాళ్ళు ఒక రోజులో ఎంత దూరం పోగలరో ముందురోజే చెప్పాలి. అంతే పని. అది తప్పయితే మీరు ఎంత మంచి ఈతగాళ్ళయినా లాభం లేదు. అది సరిపోతే మీరు గట్టు మీద కూర్చుని బఠానీలు తింటున్నా రోజు గడిచిపోతుంది. ఇది నాకు చేరిన రోజే తెలిసి ఉంటే ఒక మనిషి ముఖం ఆరేళ్ళపాటు తప్పించుకుని తిరిగే కర్మ పట్టేది కాదు.

బోర్కర్ సాహెబ్ లెక్క

క్లబ్బు పెట్టింది బోర్కర్ సాహెబ్. మా గనిలోనే ఓవర్‌మన్‌గా, అంటే ఒక షిఫ్టు మొత్తానికి పెద్దగా చేసి రిటైరైనవాడు. మరాఠీ మనిషే గానీ ముప్పై ఏళ్ళు మనవాళ్ళతో బొగ్గు తీయించి తీయించి తెలుగు మనకన్నా గట్టిగా మాట్లాడతాడు. మంచివాడు. ఒక్కటే జబ్బు, లోకంలో ఏదైనా షిఫ్టుతోనే కొలుస్తాడు. మనవరాలి పెళ్ళి ఎంతసేపు జరిగిందంటే షిఫ్టున్నర అంటాడు.

నేను చేరిన నాలుగో ఏట, మొదటిసారి కొత్తవాళ్ళ బ్యాచ్ తయారయ్యాక సాహెబ్ నన్ను పిలిచి కుర్చీ చూపించాడు.

"రాజేశం, నువ్వు గంటకు ఎంత పోతవు?"

"ఐదు కిలోమీటర్లు పోత సాబ్."

"షిఫ్టుకు ఎన్ని గంటలు?"

"ఎనిమిది."

"నలభై. కొత్తోళ్ళు గదా, వందకు ఇరవై మాఫీ. ముప్పై రెండు. పాస్."

ఇలా పాసైంది. గనిలో మనిషికి షిఫ్టుకు ఇంత బొగ్గు అని లెక్క కడతారు చూడండి, అదే లెక్క. నేను గొలుసు పట్టుకున్నవాణ్ణి, నాకైనా బుద్ధి ఉండాలి కదా. నాకు ఆ లెక్క చాలా గొప్పగా అనిపించింది. ముప్పై రెండు అని సాహెబ్ అన్నాడు, సరిగ్గా ముప్పై రెండు ఉండేలా చూడడమే నా పని అనుకున్నాను.

వార్ధా నది పక్కన ఘుగ్గుస్ కింది ఘాటు దగ్గర మొదలుపెట్టి, పాత దోస్తు ఒకణ్ణి తోడు తీసుకుని, రాజూరా వంతెన దాకా గట్టు వెంట రెండు రోజులు నడిచాను. నది ఎన్ని మెలికలు తిరిగితే అన్ని మెలికలూ గొలుసుతో కొలిచాను. కిలోమీటరుకొక మేకు దిగ్గొట్టి ఎర్ర రంగుతో నంబరు వేశాను. ముప్పై రెండో మేకు వంతెన దగ్గరి ఘాటు మెట్టుకు మూడడుగుల ఇవతల పడింది. ఇంటికొచ్చి మా ఆవిడ పద్మకు ఆ మూడడుగుల సంగతి రెండుసార్లు చెప్పుకున్నాను. "కొలత సరే, నడిచేటోళ్ళు ఎవరు?" అని ఆమె అడిగింది. నడవరు, కూర్చునే పోతారు అన్నాను.

పదకొండు కొబ్బరికాయలు

ఆ బ్యాచ్‌లో పదకొండుమంది. కొందరు గని కాలనీవాళ్ళు, కొందరు బ్యాంకువాళ్ళు, మిగతావాళ్ళు చంద్రపూర్ బజారు మనుషులు. వాళ్ళలో సుగుణక్క ఒకరు. అక్కవాళ్ళది మూడు తరాలుగా గోల్ బజారు దిక్కు గుడ్డల దుకాణం. భర్త నాగభూషణం శేట్ గల్లా దగ్గర కూర్చుంటాడు గానీ, కత్తెరా మీటరు కర్రా అక్క చేతిలోనే ఉంటాయి. అప్పటికి నలభై ఎనిమిదేళ్ళుంటాయి. పెళ్ళయినప్పటినుంచీ దుకాణం, ఇల్లు, మళ్ళీ దుకాణం. ఎవరో పేపర్లో మా ప్రకటన చూపిస్తే, ఇంట్లో ఎవరినీ అడగకుండా పేరు రాయించుకుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి గిరాకీకి చెప్పింది, ఘుగ్గుస్ నుంచి రాజూరా దాకా నా రెండు చేతులతోటే పోతున్న అని. బజారంతా తెలిసింది. శేట్‌కు మొదట కోపం వచ్చినా, తర్వాత గర్వం వచ్చింది. రాజూరాలో వాళ్ళ వియ్యాలవారున్నారు. ఎనిమిది గంటల లెక్కకు ఇంకో రెండు గంటలు కలుపుకుని, సాయంత్రం నాలుగింటికి వంతెన దగ్గర బంతిపూల దండతో నిలబడతామని కబురు చేశాడు.

పొద్దున ఆరింటికి బయల్దేరాలని లెక్క. ఐదున్నరకే అందరూ వచ్చారు. అక్కడినుంచి మొదలైంది. గనిలో కొత్త పని ఏదైనా కొబ్బరికాయ కొట్టకుండా మొదలుపెట్టరు. కొత్తవాళ్ళ పడవలు పదకొండు కాబట్టి కాయలు పదకొండు అని సాహెబ్ తీర్మానం. ఏడో కాయ పగల్లేదు. పగలని కాయ పడవలో నేను కూర్చోనని బ్యాంకాయన భీష్మించాడు. మరో కాయ కోసం ఘుగ్గుస్ పోయి రావాల్సొచ్చింది. ఈలోగా చాయ్, ఫోటోలు, బీపీ గోళీ మరిచిపోయినాయన ఫోను, లైఫ్ జాకెట్ తిప్పి తొడుక్కున్నవాళ్ళను మళ్ళీ తొడిగించడం. మొదటి తెడ్డు నీళ్ళను తాకేసరికి తొమ్మిదైంది. మూడు గంటలు అక్కడే పోయాయి, అంటే సాహెబ్ లెక్కలో పన్నెండు కిలోమీటర్లు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చూశాను. కొత్తవాళ్ళ కయాక్ తిన్నగా పోదు. కుడివైపు గట్టి చెయ్యి ఉన్నవాడు ఎడమకు తిరుగుతాడు, సర్దుకోబోయి మళ్ళీ కుడికి తిరుగుతాడు. నేను కొలిచిన కిలోమీటరు వాళ్ళకు కిలోమీటరున్నర. ఒకాయన అయితే మొదటి అరగంటా బయల్దేరిన ఘాటు చుట్టే ప్రదక్షిణం చేశాడు. పైగా చలికాలం, నీళ్ళు తగ్గి ఇసుక మేటలు బయటపడ్డాయి. మేట వచ్చినచోటల్లా దిగి పడవను లాక్కుంటూ పోవాలి.

నా ఎర్ర మేకులున్నాయి కదా, ఒకటి రెండు కనిపించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఐదో మేకు దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. ఎనిమిదో మేకు దగ్గర ఒకామె దాన్ని చూసి తల తిప్పుకుంది. పదకొండో మేకును బ్యాంకాయన తెడ్డుతో కొట్టాడు. అప్పటినుంచీ ఈ రోజు దాకా కొత్తవాళ్ళకు నేను నంబరు కనిపించనివ్వలేదు.

భోజనం సంగతి చెప్పకపోతే అన్యాయం. సాహెబ్ లెక్కలో భోజనానికి ముప్పై నిమిషాలు, గనిలో ఇచ్చినట్టే. ఎనిమిదో మేకు దాటాక ఇసుకలో దుప్పట్లు పరిచారు. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, కోడిగుడ్డు కూర, సర్వపిండి, మరాఠీ ఇంటివాళ్ళ ఠేచా అనే మిరపకాయ పచ్చడి, ఎవరి డబ్బా వాళ్ళు తెరిచారు. మన దిక్కు పదకొండు డబ్బాలు ఒకచోట తెరిస్తే పదకొండుమందీ పదకొండు డబ్బాల్లోంచి తినాలి. తినకపోతే ఆ ఇంటి ఆడమనిషిని అవమానించినట్టు. గంటన్నర పట్టింది. ఆ తర్వాత సగంమంది ఇసుక మీదే ఒరిగారు. గట్టు మీద సాహెబ్ షిఫ్టు సైరన్‌లా ఈల వేస్తూ తిరిగాడు. పక్క పొలంలో ఎద్దు ఒక్కటే తల ఎత్తి చూసింది.

ట్రాక్టర్

సాయంత్రం నాలుగింటికి మేం పదమూడో మేకు దగ్గరున్నాం. ఎదురుగాలి మొదలైంది. ఒక్కొక్కళ్ళే గట్టుకు చేరి, కాళ్ళు చాపి కూర్చుని, నేను కనిపిస్తే కళ్ళు మూసుకుంటున్నారు. సుగుణక్క ఒక్కతే ఆగలేదు. పొద్దుటినుంచీ ఒకటే వేగం. మీటరు కర్రతో ముప్పై ఏళ్ళు గుడ్డ చాపి చాపి ఆ భుజాలు అలవాటుపడ్డాయి కాబోలు. కానీ అరచేతులకు ఆ అలవాటు లేదు, బొబ్బలు లేచి పగిలి తెడ్డుకు నెత్తురు అంటింది. కొంగు చింపి చుట్టుకుని మళ్ళీ తెడ్డు పట్టింది. పదిహేడో మేకు దగ్గరికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. ఇంకా పదిహేను కిలోమీటర్లున్నాయి. చీకట్లో కొత్త మనిషిని నీళ్ళలో ఉంచకూడదు. ఆ మాటకు ఎవరి లెక్కలోనూ మాఫీ లేదు.

పక్క ఘాటులో ఇసుక ట్రాక్టర్ ఒకటి ఖాళీగా ఉంటే సాహెబ్ బతిమాలి తెచ్చాడు. పడవలూ మనుషులూ అందరినీ ట్రాలీలోకి ఎక్కించాం. అక్క మాత్రం పడవ దిగలేదు.

"నేనింకా ముందుకు పోత తమ్మీ" అన్నది.

నాకు ఆకలి, భయం, సిగ్గు, మూడూ ఒక్కసారే ఉన్నాయి. "అక్కా, నీతోటి కాదు. ఎక్కు" అన్నాను.

అక్క నన్ను ఒక్క చూపు చూసి, దిగి ట్రాలీలో ఒక మూల కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు ట్రాక్టర్ రాజూరా వంతెన దగ్గరికి వచ్చింది. నాగభూషణం శేట్ నాలుగింటినుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన వెనక వియ్యాలవారు ఎనిమిదిమంది. శేట్ పాపం మంచివాడు, తెచ్చిన దండ ఏం చేయాలో తోచక ట్రాలీ ఎక్కి భార్య మెడలో వేశాడు. ఇసుక, పడవలు, పదిమంది నిద్రపోతున్న మనుషులు, మధ్యలో దండ వేసుకుని అక్క. వియ్యపురాలు ఫోటో తీసింది. తెల్లారేసరికి అది బజారులోని అన్ని వాట్సాప్ గ్రూపుల్లోకి పోయింది. వారం తిరగకుండా అక్కకు ట్రాక్టర్ శేఠానీ అని పేరు పడింది. జాకెట్ గుడ్డ కొనడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వి, ట్రాక్టర్ బయట పెట్టినవా అని అడిగేవాళ్ళట.

అక్క మళ్ళీ నీళ్ళ దిక్కు రాలేదు. నేను గోల్ బజారు దిక్కు పోవడం మానేశాను. నాకు తువ్వాలు కావాలంటే పద్మ బల్లార్‌పూర్ నుంచి తెచ్చేది.

సాహెబ్ హాఫ్ షిఫ్ట్

మీకూ పైవాళ్ళుంటారు. పైవాళ్ళతో వాదించకండి, పడవలో కూర్చోబెట్టండి. ఆ ట్రాక్టర్ తర్వాత కూడా సాహెబ్‌ది ఒకటే మాట, ఈ బజారోళ్ళకు పని అలవాటు లేదు, గని మనుషులైతే ముప్పై రెండు పోయేటోళ్ళే అని. బ్యాచ్‌లో గని మనుషులు నలుగురున్నారని, అందరికన్నా ముందు నిద్రపోయింది వాళ్ళేనని నేను గుర్తుచేయలేదు. ఒక షిఫ్టు మీరే చేసి చూపించండి సాబ్, చూసి నేర్చుకుంటా అన్నాను.

ఇరై డ్యామ్ నీళ్ళ మీద పెట్టుకున్నాం. అక్కడ ప్రవాహం ఉండదు, ఎంత దూరమైనా మన చెయ్యి ఆడితేనే. సాహెబ్ గని హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు, ఎందుకో నేను అడగలేదు. మొదటి గంట బాగానే సాగింది, దారిపొడుగునా నాకు సలహాలిచ్చాడు. రెండో గంటలో సలహాలు ఆగిపోయాయి. ఆ గంట చివర టైము అడిగాడు. ఐదు నిమిషాలకు మళ్ళీ అడిగాడు. మూడో గంటలో నీటికోడి ఒకటి మమ్మల్ని దాటి ముందుకు పోయింది. సాహెబ్ దాన్ని చూసి తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రాజేశం, గిది హాఫ్ షిఫ్టు అనుకో."

"అనుకున్న సాబ్."

"ఎంత అయింది?"

"ఏడు కిలోమీటర్లు."

సాహెబ్ హెల్మెట్ తీసి పడవలో పడేశాడు. "బొగ్గు లెక్క నీళ్ళకు వేసినం రా మనం" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే. అప్పటినుంచీ కొత్తవాళ్ళ దూరం గురించి ఎప్పుడూ నాకు అడ్డు రాలేదు.

తెలిసినంత చెప్తున్నా

ఎనిమిది గంటల రోజులో కొత్తవాళ్ళ చేతులు నిజంగా ఆడేది మూడు గంటలు, మహా అయితే మూడున్నర. ఆ కాసేపూ గంటకు మూడు కిలోమీటర్లు పోతారు. మిగతాది కొబ్బరికాయ, చాయ్, డబ్బాలు, ఫోటోలు. దాన్ని తగ్గించాలని చూడకండి, వాళ్ళు వచ్చిందే దానికోసం. కాబట్టి తొమ్మిది, పది. గాలి ఎదురుంటే ఏడు. గుంపు వేగమంటే అందరికన్నా వెనక ఉన్న మనిషి వేగమే. కండలు చూసి మోసపోకండి. జిమ్ముకు పోయే ఇన్‌స్పెక్టర్ ఒకాయన వస్తే, మొదటి రెండు కిలోమీటర్లు బాణంలా పోయి, మూడోది నా పడవకు తాడు కట్టించుకుని వచ్చాడు. అదే రోజు అరవై దాటిన అంగన్వాడీ టీచరమ్మ పాటలు పాడుకుంటూ చివరిదాకా వచ్చింది. నేను ఎవరినీ బలమెంత అని అడగను. పొద్దున ఏం తిన్నారు, రాత్రి నిద్ర పట్టిందా, మూత్రానికి ఎంతసేపటికోసారి పోతారు, ఇవే అడుగుతాను. మొదట సిగ్గుపడతారు, తర్వాత అవసరానికి మించి చెప్తారు.

టెంపో సంగతి ఒకటి. మొత్తం దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర, రోడ్డు ఆనుకునే చోట, ఒక టెంపోను తుమ్మల చాటున నిలపాలి. ఎవరికీ చెప్పొద్దు. కనిపిస్తే చాలు, బాగా నడిచే కాళ్ళు కూడా దాని దిక్కే పోతాయి. అవసరం పడితే అప్పుడే వచ్చినట్టు రావాలి.

ఇవన్నీ నేర్చుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. బ్యాచ్‌ల మీద బ్యాచ్‌లు నవ్వుకుంటూ గట్టెక్కుతుంటే జనం నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు ఒంటబట్టలేదు. ప్రతిసారీ చివర నా కళ్ళు ట్రాలీలో మూల కూర్చున్న మనిషినే వెతికేవి. ఒకరోజు పద్మ విసుక్కుంది. ఇక తువ్వాళ్ళు నువ్వే తెచ్చుకో, గోల్ బజారులో దొరుకుతయి అన్నది.

గుడ్డ కొలిచే చోట

పోయాను. దుకాణంలో ఎవరూ లేని వేళ చూసి మధ్యాహ్నం పోయాను. శేట్ నన్ను చూసి లేచి, ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు. అక్క లుంగీ గుడ్డ కొలుస్తోంది. తల ఎత్తలేదు.

క్షమించమని అడగడానికి దారిపొడుగునా మాటలు పేర్చుకుని పోయాను. తీరా నోరు తెరిస్తే, ఆ రోజు నది కొలత తప్పు కాదక్కా, ముప్పై రెండుకు మూడడుగులే తేడా అన్న మాట వచ్చింది. మనిషి ఎంత మూర్ఖుడో చూడండి.

అక్క మీటరు కర్ర చివర దాటి, నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలి, అక్కడ కత్తెర పెట్టింది.

"గీ నాలుగు వేళ్ళు ఎందుకు ఇడిసిన్నో తెల్సా?"

తెలియదన్నాను.

"మా మామగారు నేర్పిన పద్ధతి. నీళ్ళు తగిల్తె గుడ్డ ముడుచుకుంటది. మనిషి దమ్ము గూడ గంతే. నువ్వు పొడి గుడ్డ కొల్చినవు తమ్మీ."

అక్క గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది.

"ట్రాక్టర్ ఎక్కిచ్చినవని నాకు కోపం లేదు. పేరు పెట్టినోళ్ళు పెట్టిండ్రు, గిరాకీ పెరిగింది. నీతోటి కాదు అన్నవు సూడు, గదే కడుపుల ఉన్నది. దూరం తప్పు పెట్టినోనివి నువ్వు. చేతగానిదాన్ని నేనెట్లయిన?"

ఈ వాక్యాన్ని అశ్విని పోరగాళ్ళకు రెండుసార్లు చదివి వినిపించాలి. మన ప్లాను తప్పయి మనిషి ఆగిపోతే, తప్పు నాది అని చెప్పాలి. ఆ ఒక్క మాటకు నేను ఆరేళ్ళు తీసుకున్నాను. ఆ మధ్యాహ్నం చెప్పాను. తప్పు నాదేనక్కా, నువ్వు పోగలిగినదానివే, పోలేని దూరం పెట్టింది నేనే అన్నాను.

అక్క తువ్వాలు ఒకటి తీసి నా ముందు పెట్టింది. ఎన్ని కిలోమీటర్లు అని అడిగింది. తొమ్మిది అన్నాను.

"యాడికి?"

"నువ్వు చెప్పు."

"రాజూరా వంతెనకే."

అంటే వెనకనుంచి కొలవాలి. వంతెన నుంచి పైకి తొమ్మిది కిలోమీటర్లు, అక్కడ మొదలు. అన్నేళ్ళలో నాకు ఎన్నడూ తోచని ఆలోచన అది. మనం ఎప్పుడూ బయల్దేరే చోటు చూసుకుని దూరం కొలుస్తాం. ఆమె చేరాల్సిన చోటు చూసుకుని వెనక్కి కొలిచింది. ఆపైన నాలుగేళ్ళు ఏవేవో అడ్డంకులు వచ్చాయి. దుకాణం, వానలు, కోడలి పురుడు, శేట్ మోకాలు. పోతే పోయిందిలే అని నేను అనుకున్న ప్రతిసారీ అక్క ఫోను చేసి, తొమ్మిది అట్లనే ఉన్నదా, పెంచినవా అని అడిగేది.

మళ్ళీ అదే వంతెన

పోయిన చలికాలం, నా ఆఖరి ట్రిప్పు. అక్కకు అప్పటికి అరవైకి రెండు తక్కువ. అశ్విని ముందు పడవలో, నేను వెనక, మధ్యలో అక్కా మరో ఆరుగురూ. మేకులు లేవు. కొబ్బరికాయ ఒకటే. తొమ్మిదింటికి బయల్దేరాలని అశ్విని ప్లాను, తొమ్మిదింటికే బయల్దేరాం. అరచేతులకు అక్క తానే మెత్తటి గుడ్డ పట్టీలు కుట్టుకొచ్చింది, మిగతావాళ్ళకు కూడా కుట్టింది. డబ్బాలు తొమ్మిది తెరుచుకున్నాయి, గంటన్నర పట్టింది, ఎవరూ ఈల వేయలేదు.

ఆరో కిలోమీటరు దగ్గర తుమ్మల చాటున టెంపో ఉంది. డ్రైవర్‌కు దాక్కొమ్మని చెబితే, పాపం ఎండకు బయటికి వచ్చి బానెట్ మీద అంగీ ఆరేసుకున్నాడు.

"ఆ టెంపో ఎవల్ది తమ్మీ?"

"ఎవల్దో అక్కా, ఇసుకోళ్ళది కావచ్చు."

"ఇసుకోళ్ళు ట్రాక్టర్ల వస్తరు, నాకు తెల్వదా" అని అక్క నవ్వి, తెడ్డు వేసింది.

ఎనిమిది దాటాక గాలి లేచింది. అక్క వేగం తగ్గింది. రెండుసార్లు తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. ఆగుదామా అని నోటిదాకా వచ్చింది, అడగలేదు. మూడోసారి తెడ్డు ఎత్తినప్పుడు మలుపు తిరిగింది, వంతెన కనిపించింది. పైన సిమెంటు లారీలు పోతున్నాయి. కింద ఘాటు మెట్ల మీద నాగభూషణం శేట్, చేతిలో బంతిపూల దండ, పక్కన వియ్యపురాలు ఫోను పట్టుకుని. ఈసారి ఎవరికీ చెప్పొద్దని అక్క గట్టిగా అన్నది. శేట్ విన్నాడు, ఎనిమిదిమంది బదులు ఒక్కరినే తెచ్చాడు.

అందరూ ఘాటుకు మళ్ళారు. అక్క మళ్ళలేదు. తిన్నగా పోతోంది. శేట్ దండ ఎత్తి పట్టుకుని, "సుగుణా, ఘాటు ఇక్కడున్నది" అని పిలిచాడు. అక్క ఆగలేదు. శేట్ నొప్పి మోకాలితోనే మెట్లు దిగి గట్టు వెంట పరుగు అందుకున్నాడు. దండలోంచి పూలు రాలుతున్నాయి. అక్క వంతెన కిందికి పోయి, నీడ దాటి, అవతల ఎండలోకి వచ్చి, అక్కడ తీరిగ్గా పడవ తిప్పి, మళ్ళీ ఘాటు దగ్గరికి వచ్చి ఆగింది. శేట్ ఆయాసపడుతూ వచ్చి దండ వేశాడు. నేను నీళ్ళలోకి దిగి పడవ పట్టుకున్నాను.

"ఎందుకక్కా అంత దూరం పోయినవు?"

అక్క పట్టీలు విప్పి నా చేతిలో పెట్టింది. "గది నాలుగు వేళ్ళు తమ్మీ" అన్నది.

అశ్విని ట్రిప్పు పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. దూరం ఎంత రాయాలి సార్ అని అడిగింది. నాకు కళ్ళు మసకగా ఉన్నాయి, కానీ కొలత విషయంలో నేనెప్పుడూ పొరపాటు చెప్పలేదు. తొమ్మిది కిలోమీటర్ల నాలుగు వేళ్ళు అని రాయించాను.